ముచ్చిక

మూడు రోజుల వర్క్‌షాప్, ఉచితం,
లైబ్రరీ మొదటి అంతస్తు, పొద్దున పదింటికి.
సగంమంది సర్టిఫికెట్ కోసం వచ్చాం,
మిగతా సగం ఏసీ కోసం.
ఏప్రిల్ గుంటూరులో అది తప్పేమీ కాదు.

నేనెక్కిన బస్సు మిర్చి యార్డు మీదుగా వస్తుంది.
ఆ మలుపులో బస్సంతా ఒక్కసారిగా తుమ్ముతుంది.
కండక్టరు తుమ్ముతూనే టిక్కెట్టు చింపుతాడు.
కొత్తవాళ్లు రుమాళ్లు వెతుక్కుంటారు.
నాకది అమ్మ ఇంటికొచ్చిన వాసన.

మస్తాన్‌బీ మేడం మైకు వాడదు.
"వెతకడం అందరికీ వచ్చు,
అడగడమే రాదు" అంటూ
తెర మీద చిన్న గడి చూపించింది.
కొటేషన్లలో పెడితే మాటలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తాయట.
మధ్యలో 'లేదా' ఉంటే
తోడికోడళ్లలో ఏ ఒక్కరొచ్చినా పని జరిగిపోతుందట.

మిర్చి లేదా మిరప అని కొట్టాను.
ఇంగ్లీషులో ఎల్ ఒకటా రెండా, చివర ఐయా వయ్యా,
ఒక్క కాయకి ఎన్ని స్పెల్లింగులో!
పదకొండు వేల చిల్లర ఫలితాలు.
ఎగుమతి, ధర, తామర పురుగు,
ఘాటుకో కొలత, రంగుకో కొలత,
కోల్డ్ స్టోరేజీలో తేమ శాతం.
కాయ సంగతి లోకానికి బాగా తెలుసు.

అప్పుడు 'ముచ్చిక' అని కొట్టాను.
సున్నా.
ముచ్చికలు తీసేవాళ్లు. సున్నా.
తొడిమ అని మార్చాను, కొటేషన్లు తీసేశాను,
సున్నా.
'మీ ఉద్దేశం ముచ్చటా?' అని అడిగింది తెర.

పక్క కుర్చీలో శేషసాయి, కామర్స్, ఒంగి చూశాడు.
"టాపిక్ మార్చుకోండి మేడం" అన్నాడు,
పాపం, నా మేలు కోరే.

మస్తాన్‌బీ మేడం వచ్చి
కళ్లజోడు పైకి తోసుకుని ఆ సున్నాని చదివింది,
ఇరవై పేజీల వ్యాసం చదివినంతసేపు.
"ఎక్కడ వెతికావో, ఏ మాటతో, ఏ తేదీన, రాసిపెట్టు.
ఇదీ దొరికినట్టే."
అంతే. మూలన ఎవరికో పాస్‌వర్డ్ పోయిందంటే అటెళ్లింది.

రాశాను.
తేదీ, మాట, సున్నా.
తేదీ, మాట, సున్నా.
మేస్త్రీ దగ్గర అమ్మ పద్దూ ఇలాగే ఉంటుంది,
కాకపోతే అందులో కిలోలు.

మధ్యాహ్నం రిఫరెన్సులు.
ఇంటిపేరు ముందా వెనకా అని హాలంతా గోల.
మనకి ముందు, దానికి వెనక.
మాచర్ల కుర్రాళ్లు తాతల పేర్లు తిరగేసి రాసి
పడీ పడీ నవ్వుకున్నారు.

నేను గడులు నింపాను.
రచయిత: చాట్ల దీనమ్మ.
చెప్పింది: తేజ రకానికి గోరు పెట్టకూడదు, బొటనవేలు తిప్పాలి,
కాయ నొచ్చుకుంటే తాలులో పడేస్తారు.
సంవత్సరం?
ముప్పై ఏళ్లు. గడిలో నాలుగంకెలే పడతాయి.
స్థలం: మూడో షెడ్డు, గుంటూరు.
ప్రచురణకర్త దగ్గర కర్సరు అలా కొట్టుకుంటూనే ఉంది.

నోటిమాట వ్యాసంలో ఉండొచ్చు కానీ
చివరి జాబితాలో ఉండకూడదట.
చదివినవాళ్లు వెళ్లి సరిచూసుకోలేరు కాబట్టి.

"చూసుకోవచ్చు మేడం,
యార్డు దగ్గర దిగితే రెండో సందు."
హాలు నవ్వింది.
మస్తాన్‌బీ మేడం నవ్వలేదు.
"రికార్డు చెయ్యి. ఆవిడ ఒప్పుకుంటే
రాతలో పెట్టి మా దగ్గర దాచు.
నంబరేస్తాను. అప్పుడు జాబితాలో నిలబడుతుంది."

రాత్రి అమ్మ
వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ అడిగింది,
సర్టిఫికెట్ ఇచ్చారా అని.
ఎల్లుండి ఇస్తారన్నాను.
ఇద్దరి మధ్యా ఫోను పెట్టి సంగతి చెప్పాను.
"ముచ్చికల గురించి చెప్పడానికేముందే" అంది,
"సరే, నొక్కు."

నలభై ఏడు నిమిషాలు.
వినేవాళ్లకి ఒక మనవి:
మొదటి అర నిమిషం ఇద్దరం తుమ్ముతూ ఉంటాం,
కత్తిరించలేదు.